గాలి పోయే దారి

రాజేశం సేటు పద్మిని కారు ఆయిలు కారుస్తోందని విన్న పొద్దున బండ్ల మిస్త్రీ సంగయ్య ఆగమ్మ హోటల్లో రోజూకన్నా రెండు మిర్చీలు ఎక్కువ తిన్నాడు. కారం నషాళానికంటినా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడే గాని నీళ్ళడగలేదు.

ఆ కబురు మోసుకొచ్చింది స్పేర్ పార్టుల సుధీర్. అతని దుకాణం హోటల్‌కు ఆనుకునే ఉంటుంది. పటాన్‌చెరు నుంచి బీరంగూడ దాకా ఏ షెడ్డులో ఏ బండి విప్పారో, దేనికి ఏ సామాను పోయిందో అతనికి తెలిసినట్టు బండి ఓనర్లకు కూడా తెలియదు. చాయ్ గ్లాసుతో వచ్చి బెంచీ మీద కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"సంగన్నా, నీ పద్మినికి బీరంగూడ గ్యారేజీ దుర్గాప్రసాద్ మూడోసారి ప్యాకింగులు తీస్కపోయిండు."

"నా పద్మిని ఏంది? ఇగ అది ఆయన పద్మినే గదా" అన్నాడు సంగయ్య. అనడం ఎడమొహంగానే అన్నాడు గాని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే సుధీర్ వైపు జరిగాడు.

"మీద టాపిట్ కవరుది మార్చిండు. కింద చాంబరుది మార్చిండు. ముందర పుల్లీ కాడి సీలు మార్చిండు. ఈడ ఆపితే ఆడ కారుతున్నది. ఆ తెల్ల టైల్స్ ఉన్నయి గదా, వాటి మీద గింత మడుగు."

"గింతనా, గింతనా?" అని సంగయ్య చేతులు వెడల్పు చేసి అడిగాడు. సుధీర్ తన చేతులు ఇంకొంచెం వెడల్పు చేశాడు. సంగయ్య కడుపులో చల్ల పోసినట్టయింది.

"గ్లాసు రూములు కట్టిచ్చుకుంటే పని రాదు తమ్మీ" అన్నాడు గొంతు పెంచి, హోటల్లో ఉన్న లారీ డ్రైవర్లకూ ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన వాళ్ళకూ అందరికీ వినపడేటట్టు. "ఇంజనంటే కాఫీ తాగిపిచ్చి, ఫోటోలు తీసే సామాను కాదు. దాని నాడి పట్టాలె. ఆ పోరడు నాడెక్కడ ఉంటదో చూడనే లేదు."

ఇలాంటి మాట అనకూడదు. రోడ్డు పక్కన షెడ్లు పెట్టుకున్న మిస్త్రీలందరికీ తెలిసిన కట్టుబాటు అది. ఒక మిస్త్రీ చేసిన పనిని ఇంకో మిస్త్రీ నలుగురిలో తీసిపారేయకూడదు. బండి ఓనరు ముందైతే అసలే నోరెత్తకూడదు. 'ముందు చేసినాయన మంచిగనే చేసిండు సార్, బండికే వయసైంది' అని సర్దేయాలి. ఇవాళ వాడు విప్పిన ఇంజన్ నీ దగ్గరికొచ్చింది, రేపు నువ్వు బిగించిన ఇంజన్ వాడి దగ్గరికి పోతుంది, ఎవరి గుట్టు ఎవరి చేతిలో ఉంటుందో ఎవరికెరుక? సంగయ్య కూడా ఇన్నేళ్ళూ ఆ కట్టుబాటు తప్పినవాడు కాదు. కాని కడుపు మండినవాడికి కట్టుబాటేమిటి?

మండటానికి కారణం లేకపోలేదు. సేటు కొడుకు సుమిత్‌కు పాత కార్ల పిచ్చి పట్టింది. తాత కొన్న కారు మళ్ళీ కొత్తదానిలా మెరవాలన్నాడు. రంగు వేయించడానికి బీరంగూడలో దుర్గాప్రసాద్ గ్యారేజీకి పంపారు. పంపితే పంపారు, రంగు వేయడం తనకు రాదని సంగయ్యే ఒప్పుకుంటాడు. కాని రంగుకు పోయిన బండి తిరిగి రాలేదు. సర్వీసు అక్కడే, ఆయిలు మార్చడమూ అక్కడే అయిపోయింది. పద్దెనిమిదేళ్ళు ఆ ఇంజన్‌ను పురిటిబిడ్డను సాకినట్టు సాకినవాడికి, 'సంగయ్యా, బండి ఇంకోచోట ఇస్తున్నం' అని సేటు ఒక ముక్క చెప్పలేదు. ఎదురుపడితే ఎప్పటిలాగే 'మంచిగున్నవా' అంటున్నాడు. అదీ సంగయ్య గుండెల్లో గుచ్చుకున్న ముల్లు. బండి పోయినందుకు కాదు, పోయిందన్న సంగతి వాళ్ళకసలు గుర్తే లేనందుకు.

*

బుధవారం పొద్దున తానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్న మొగుణ్ణి చూసి ముత్యమ్మ చేతిలో పని ఆపింది.

"యాడికి?"

"బీరంగూడ గుట్టకు. మల్లన్న దర్శనానికి."

"శివరాత్రికి రమ్మంటే రానోనివి, ఇయ్యాల బుద్ధి పుట్టిందా?" అని ముత్యమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "దేవుడు ఆ పోరని గ్యారేజీ ఎదురుంగ ఉన్నడా ఏంది?"

ఉలిక్కిపడ్డా పడనట్టే బండి కిక్కు కొట్టాడు సంగయ్య. పెళ్ళానికి తెలియని గుట్టు మొగుడికి ఉండదు.

దుర్గాప్రసాద్ గ్యారేజీ ముందు నుంచి ఒకసారి పోయాడు, మళ్ళీ తిరిగొచ్చాడు. మూడోసారి బండి మెల్లగా చేసేసరికి లోపలి నుంచే పిలుపొచ్చింది.

"సంగయ్యగారూ! రండి, రండి. సమయానికి వచ్చారు."

దుర్గాప్రసాద్ నాన్న కాకినాడ వైపు నుంచి ఇక్కడి ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. కొడుకు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా ఇంట్లో మాట్లాడే ఆ గారూ, అండీ మాత్రం పోలేదు. మనిషి సన్నగా, ముప్పై అయిదు దాటనట్టు ఉంటాడు. ఆ మర్యాద సంగయ్యకు మరీ మంట. తిట్టుకోవడానికి సందివ్వని మనిషిని ఏం చేసుకుంటాం?

పద్మిని బానెట్ ఎత్తి ఉంది. పాలమీగడ రంగు. అద్దంలో చూసుకోవచ్చు అంత నున్నగా ఉంది. సంగయ్య చూపు రంగు మీద నిలవలేదు, నేరుగా ఇంజన్ మీదికి పోయింది. పోయి అక్కడే ఆగిపోయింది. ఇంజన్ అంతా తెల్లగా పౌడరు చల్లి ఉంది.

"ఇదేంది? పసిపిల్లకు పూసినట్టు పూసినవ్?"

"డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లానండి. పాత మరకల్లో కొత్త లీకు ఎక్కడిదో తెలియట్లేదు. ఆయిలు ఒకచోట బయటికొచ్చి, ఫ్యాను గాలికి ఇంకోచోటికి పాకుతుంది కదా. ఇప్పుడు స్టార్ట్ చేస్తే మొదటి గీత ఎక్కడ పడుతుందో అదే దాని పుట్టుక."

సంగయ్య ఇంకో అడుగు దగ్గరికి వేశాడు. తానైతే బనియన్ గుడ్డ పీలికతో తుడిచి వేలితో తడిమి చూసేవాడు. పౌడరు ఉపాయం తనకు ఎన్నడూ తట్టలేదు. ఇంత తేలికైన ఉపాయం వీడికెట్ల తట్టింది? లీకు చూసి సంబరపడదామని వస్తే, ఇక్కడ ఇంకో కుళ్ళు తగులుకుంది.

దుర్గాప్రసాద్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఇద్దరూ వంగి చూశారు. కాసేపటికి టాపిట్ కవరు అంచున తెల్ల పౌడరు మీద సన్నటి నల్లగీత దిగింది. ఆ వెంటనే ముందు పుల్లీ దగ్గర ఇంకోటి. కొత్త ప్యాకింగు, కొత్త సీలు. వాటిని దాటుకునే వస్తోంది.

"చూశారా? ఒకచోట కాదండి. బిగించినకొద్దీ ఇంకో సందు వెతుక్కుంటోంది."

సంగయ్య ఆ గీతలను చూడటం లేదు. ఆయిలు కొలిచే పుల్లను చూస్తున్నాడు. గొట్టంలో అంచు దాకా దిగి కూర్చోవలసిన పుల్ల వేలెడు పైకి లేచి, ఇంజన్ దడకు చిన్నగా వణుకుతోంది. లోపల్నుంచి ఏదో దాన్ని పైకి తోస్తోంది. సంగతేమిటో సంగయ్యకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

ఏ ఇంజన్‌లోనైనా పిస్టన్ల పక్కనుంచి కొంచెం గాలి కిందికి జారుతూనే ఉంటుంది. పాత ఇంజన్‌లో ఇంకొంచెం ఎక్కువ. ఆ గాలి ఇంజన్ కడుపులో నిలవకూడదు. బ్రీదర్ పైపు గుండా పైకి పోయి, ఎయిర్ ఫిల్టర్లో కలిసి, మళ్ళీ ఇంజన్‌లోకే వెళ్ళి కాలిపోవాలి. ఆ పైపు మూసుకుపోతే గాలి లోపలే ఉబ్బుతుంది. ఉబ్బి, ఏ అతుకు బలహీనంగా ఉంటే ఆ అతుకులోంచి ఆయిలును బయటికి తోస్తుంది. అప్పుడు ఎన్ని ప్యాకింగులు మార్చినా చిల్లికుండకు మసిగుడ్డ చుట్టినట్టే.

పైపు ఎందుకు మూసుకుపోయిందో కూడా సంగయ్యకు తెలుసు. ఆయిలు తుంపర గాలితో పాటు పోకుండా ఆ పైపు మొదట్లో ఒక తీగల జల్లెడ ఉంటుంది. పద్మినికి ఉన్నది తుప్పుపట్టి రాలిపోయింది. కారంతా ఆయిలు కంపు కొడుతోందని సేటు భార్య శకుంతల ముక్కు మూసుకుంటే, సంగయ్య దుకాణానికి పోయి గిన్నెలు తోమే స్టీలు పీచు ఒకటి తెచ్చి, చుట్టచుట్టి ఆ పైపులో దోపాడు. కంపు ఆగింది. పీచు మురికి పట్టి బిగుసుకోకుండా ఆయిలు మార్చినప్పుడల్లా బయటికి లాగి, పెట్రోలులో జాడించి, మళ్ళీ లోపల పెట్టేవాడు. ఆ పని చేసేటప్పుడు సేటు మనిషిని చాయ్ తాగి రమ్మని పంపేవాడు. గిన్నెలు తోమే పీచు అంటే చులకనగా ఉంటుందని మొదట దాచాడు. తరువాత సేటు 'సంగయ్య చేతి గుణం, బొట్టు కారదు' అని నలుగురికీ చెబుతుంటే, ఆ గుణం చెయ్యిది కాదు పీచుది అని చెప్పబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఆ పీచు ఏడాది పైగా జాడింపు లేక, నల్లటి జిడ్డుముద్దై, పైపును బిరడాలా మూసేసింది. ఆ సంగతి లోకంలో తెలిసినవాడు ఒక్కడే. వాడిప్పుడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇన్నేళ్ళు మీ చేతిలో ఉన్న బండి సంగయ్యగారూ" అన్నాడు దుర్గాప్రసాద్ ఇంజన్ ఆపి. "మీ హయాంలో బొట్టు కారలేదని సేటు చెప్పారు. నాకు తెలియనిది ఏదన్నా ఉంటే చెప్పండి. ఆదివారం పట్నంలో పాత కార్ల ప్రదర్శన. శనివారంలోగా ఇవ్వకపోతే నా పరువు పోతుంది."

అడిగాడు. నోరు విడిచి, సిగ్గుపడకుండా, చేతిలో గుడ్డ నలుపుకుంటూ అడిగాడు. సంగయ్యకు నాలుక చివరిదాకా వచ్చింది, 'ఆ పైపు విప్పి చూడు' అని. చిన్న మాట. ఒక్క క్లిప్పు వదులు చేస్తే అయిపోయే పని. కాని ఆ మాట అంటే ఏమవుతుంది? పద్మిని బాగవుతుంది, ప్రసాద్ పేరు పట్నం దాకా పోతుంది, సంగయ్య పెట్టిన గిన్నెల పీచు మాత్రం ఊరంతా నవ్వుకునే కథవుతుంది.

"పాత ఇంజన్ గద ప్రసాదూ" అన్నాడు గొంతు సవరించుకుని. "పిస్టన్ రింగులు పోయినయేమో. ఇంజన్ దించి చూడాలె."

"దించాలా?" దుర్గాప్రసాద్ మొహం పాలిపోయింది. "శనివారంలోపు దించి ఎక్కించడం..."

"మరి నీ ఇష్టం. నాకైతే రింగులే అనిపిస్తున్నది" అని సంగయ్య బండెక్కాడు. గుట్ట ఎక్కలేదు. దేవుడికి దూరం నుంచే దండం పెట్టి వచ్చేశాడు.

*

ఆ రెండు రోజులూ షెడ్డులో ఏ పని పట్టినా సంగయ్య మనసు బీరంగూడలోనే ఉంది. వ్యాను క్లచ్చు విప్పుతుంటే, ఈపాటికి ప్రసాద్ ఇంజన్ దించి ఉంటాడనుకున్నాడు. పానా జారి వేలు చిట్లినప్పుడు కూడా, దించిన ఇంజన్‌లో రింగులు బాగున్నాయని చూసి వాడి మొహం ఎట్లయి ఉంటుందో ఊహించుకుని నవ్వుకున్నాడు. ఆ నవ్వు కొంతసేపే నిలిచేది. వాడు గుడ్డ నలుపుకుంటూ అడిగిన తీరు మధ్యలో అడ్డొచ్చేది. 'వాడెవడు నన్ను అడగడానికి? నా బండి గుంజుకున్నప్పుడు అడిగిండా?' అని తనకు తానే జవాబు చెప్పుకుని పానా బిగించేవాడు.

ఆగమ్మ హోటల్లో మాత్రం పొద్దునా సాయంత్రం అదే కథ. వినేవాళ్ళు మారుతున్నకొద్దీ మడుగు పెద్దదవుతోంది. "టైల్స్ మీద కాలు పెడితే జారి పడ్తరట" దాకా వచ్చింది.

గురువారం సేటు దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"ఏంది సంగయ్యా, ఆ పిలగానితోని అయితలేదట గదా. సుధీర్ చెప్పిండు. శనివారం పొద్దున దాకా చూస్త. కాకపోతే నువ్వొచ్చి చూడాలె."

"పాపం, పిలగాడు మంచిగనే చేస్తడు సేటూ. జెర అనుభవం తక్వ" అన్నాడు సంగయ్య, నోట్లో చక్కెర పోసుకున్నట్టు.

ఫోను పెట్టేసి ముత్యమ్మతో చెప్పాడు. "చూసినవా? మల్ల నా దగ్గరికే. శనివారం సేటు ఇంటికి పోతున్న."

ముత్యమ్మ ఉల్లిగడ్డలు కోస్తోంది. "పోతే పో. గని నీ మొహంల సంతోషం లేదేందయ్యా? అరగనోని లెక్కున్నది."

"నీకు కండ్లు మండుతున్నయి, అందుకే గట్ల కనపడుతున్న" అన్నాడు.

*

శనివారం సంగారెడ్డిలో సేటు ఇంటికి పోయేముందు సంగయ్య దుకాణంలో ఆగి కొత్త స్టీలు పీచు ఒకటి కొని జేబులో వేసుకున్నాడు. మొత్తం ఆట ముందే అనుకున్నాడు. ఇంజన్ స్టార్ట్ చేయించాలి. ఆయిలు పోసే మూత తీసి ఆ నోటి మీద పాలిథీన్ కవరు పరవాలి. లోపలి గాలికి కవరు బుడగలా ఉబ్బి ఎగిరిపోతుంది. 'చూసిండ్రా సేటూ, కడుపుల గాలి! మూడుసార్లు ప్యాకింగులు మార్చినాయన ఇది చూడలే' అనాలి. సేటును, కొడుకును లోపలికి పంపి, పీచు మార్చేసి, మళ్ళీ పిలవాలి. అప్పుడు కవరు కదలదు. సుమిత్ నోరు తెరుస్తాడు. ఆ తెరిచిన నోటిని తలుచుకుంటూ ముంబై హైవే మీద లారీల మధ్య నలభై దాటని బండిని ఎగరేసుకుంటూ పోయాడు.

సేటు ఇంటి ముందు పద్మిని నిలబడి ఉంది. దాని కింద ఒక అట్ట పరిచి ఉంది. సంగయ్య ముందు ఆ అట్టే చూశాడు. శుభ్రంగా ఉంది. ఇప్పుడే పరిచారేమో అనుకున్నాడు.

"రా సంగయ్యా! మంచిగొచ్చినవ్" అని సేటు ఎదురొచ్చాడు. "స్టార్ట్ చేయాల్నా?"

"చేయుండ్రి, చేయుండ్రి." సంగయ్య చేతులు దులుపుకుని బానెట్ ఎత్తాడు. సుమిత్ తాళం తిప్పాడు. ఇంజన్ మెత్తగా అందుకుంది. సంగయ్య మూత తీసి, కవరు తీసి, అందరికీ కనపడేటట్టు పక్కకు జరిగి, ఆ నోటి మీద పరిచాడు.

కవరు ఎగరలేదు. ఉబ్బలేదు. మధ్యలో చిన్న గుంటపడి, లోపలికి మెల్లగా పీల్చుకుని, అంచులకు అతుక్కుంది. ఇంజన్ ఊపిరి తీసుకోవాల్సిన తీరు అచ్చంగా అదే.

కవరు తీసి మళ్ళీ పరిచాడు. మళ్ళీ అంతే. పుల్ల వైపు చూశాడు. గొట్టంలో బుద్ధిగా అంచు దాకా కూర్చుని ఉంది.

"ఏంది సంగయ్యా?"

"ఏం లేదు సేటూ. మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

"అవును మరి, అయిపోయింది. నిన్న సాయంత్రం ఆ పిలగాడే నడుపుకుంట తెచ్చి ఇచ్చిపోయిండు. అట్ట గూడ ఆయనే పరిచిండు, రాత్రంతా బొట్టు కారలే" అన్నాడు సేటు. "నీకు ఫోన్ చేసి రావద్దందామనుకున్న. గని ఆయనే అన్నడు, సంగయ్యగారు ఒకసారి చెయ్యి పెట్టి చూస్తేనే నాకు ధైర్యం అని."

సంగయ్య బానెట్ మీద చెయ్యి ఆనించాడు. "ఏమాయెనట?"

"తప్పు నాదే సేటూ అన్నడు. రంగుకు విప్పి మళ్ళ బిగించేటప్పుడు ఏదో గాలి పైపు వంకర పెట్టిండట. గాలి పోక ఆయిలు తన్నిందట. సంగయ్యగారి చెయ్యి వల్లనే ఈ ఇంజన్ ఇన్నేండ్లు గిట్ల ఉన్నది, నేనే చెడగొట్టిన, ఇగ ఇంజన్ పని ఆయనకే ఇయ్యండి, నేను రంగు చూసుకుంట అన్నడు. గంత నిజాయితీ ఉన్నోణ్ణి నేను చూడలే. నిన్ను గూడ అడగకుండ బండి ఆడికి పంపుడు మాదే తప్పు సంగయ్యా. మనసుల పెట్టుకోకు."

ఏడాదిగా సంగయ్య చెవులు కాయలు కాచేలా ఎదురుచూసిన మాట అది. ఇప్పుడు వచ్చింది, అదీ ప్రసాద్ చలవతో వచ్చింది.

శకుంతల చాయ్ తెచ్చింది. "నేను మొదటి నుంచి చెప్తనే ఉన్న, సంగయ్యకు ఇయ్యుండ్రి అని" అంది. సంగయ్య గ్లాసు పక్కన పెట్టి, ఒకసారి చూస్తానంటూ వంగి బ్రీదర్ పైపు క్లిప్పు వదులు చేశాడు. పీచు లేదు. దాని జాగాలో పైపు కొలతకు సరిగ్గా కత్తిరించిన ఇత్తడి జల్లెడ, అంచు నున్నగా రుద్ది, బంగారంలా మెరుస్తూ ఉంది. తీయడానికి వీలుగా చిన్న చెవి కూడా పెట్టి ఉంది. చేసినవాడి పనితనం చూస్తుంటే కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు.

వాడు పీచును చూశాడు. చూసి, అది ఏ చేయి దోపిందో తెలుసుకుని కూడా సేటుకు చెప్పలేదు. పైపు వంకర అని లేని తప్పు నెత్తిన వేసుకుని పోయాడు. వాడు నాలుగు మాటలని ఉంటే సంగయ్యకు హాయిగా ఉండేది. 'గిన్నెలు తోమే పీచు పెట్టిండు మీ సంగయ్య' అని ఉంటే తనూ నాలుగు తిట్టి, వాణ్ణి ద్వేషించుకుంటూ కడుపునిండా అన్నం తినేవాడు. గ్యారేజీ పెద్దది, పని శుభ్రం, పౌడరు తెలివి. వాటిని చూసి ఏడవడమే సరిపోతుందనుకుంటే, ఇప్పుడు మంచితనాన్ని చూసి కూడా ఏడవాల్సి వచ్చింది. సంగయ్య క్లిప్పు బిగించి బానెట్ దించాడు.

*

ఆదివారం పొద్దున ఆగమ్మ హోటల్లో కూర్చుని ఉండగానే పద్మిని హైవే మీద పట్నం వైపు పోయింది. సుమిత్ హారన్ కొట్టాడు. పక్క సీట్లోంచి సేటు చెయ్యి ఊపాడు.

"పొయ్యింది నీ పద్మిని!" అని సుధీర్ కేక వేశాడు. "గెల్చినవ్ సంగన్నా. ప్రసాద్ తప్పు ఒప్పుకున్నడట గదా? సేటు చెప్పిండు."

"పైపు వంకర పెట్టిండట!" అని ఇంకొకడు అందుకున్నాడు. అందరూ నవ్వారు. వారం రోజులు సంగయ్య పోసి పెంచిన నవ్వు అది, బాగా ఏపుగా ఎదిగింది.

అంతలోనే దుర్గాప్రసాద్ స్కూటర్ దిగాడు. సుధీర్ దుకాణంలో ఏవో క్లిప్పులు కావాలి కాబోలు. ఆదివారం కాబట్టి సుధీర్ హోటల్లో ఉన్నాడని ఇటే వచ్చాడు.

"రాండ్రి సార్, రాండ్రి" అన్నాడు సుధీర్. "వంకర లేని పైపులు కావాల్నా?"

"గ్లాసు రూములు కట్టిచ్చుకుంటే పని రాదు తమ్మీ" అన్నాడు ఒక లారీ డ్రైవర్, అచ్చం సంగయ్య గొంతుతో. హోటల్ గొల్లుమంది.

దుర్గాప్రసాద్ కూడా చిన్నగా నవ్వాడు. "నిజమేనండీ, పొరపాటు జరిగింది" అన్నాడు. చాయ్ చెప్పి గోడ పక్కన నిలబడ్డాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. సంగయ్య ఆ చెవులు చూశాడు. ఇంకో గుక్క చాయ్ దిగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

"ఆపుండ్రి. పైపు వంకర లేదు, పాడు లేదు. ఆ పైపుల గిన్నెల పీచు పెట్టింది నేను. అది జామైతేనే ఆయిలు కారింది. ఆయన నన్ను అడిగిండు గూడ, ఏమన్న తెలిస్తే చెప్పన్నా అని. తెలిసి చెప్పలే. రింగులు పోయినయని అబద్ధమాడిన."

ముందుగా ఆగమ్మ అంది, జల్లిగంటె పక్కన పెట్టి.

"సూడుండ్రి. పెద్దమనిషంటే గిట్లుండాలె. పిలగాని ఇజ్జత్ పోతున్నదని తన నెత్తిన ఏసుకుంటున్నడు."

"నెత్తిన ఏసుకునుడు కాదు ఆగమ్మా! నిజంగనే..."

"ఊకో అన్నా" అన్నాడు సుధీర్ ప్రేమగా. "నువ్వు పీచు పెట్టుంటే ఇన్నేండ్లు ఎందుకు కారలే? నీ చెయ్యి సంగతి మాకు తెల్వదా?"

"ఆయిలు మార్చినప్పుడల్లా తీసి కడుగుతుంటి..."

"మస్తు చెప్తున్నవ్" అని లారీ డ్రైవర్ లేచి సంగయ్య భుజం తట్టాడు. "నా ఉస్తాద్ గిట్లనే ఉంటుండె. పని నేర్చుకునే షాగిర్దు తప్పు చేస్తే నేనే చేసిన అంటుండె."

వారమంతా సంగయ్య చెప్పిన అబద్ధాలన్నీ కళ్ళకద్దుకుని నమ్మినవాళ్ళు, ఒక్క నిజం చెబితే ఒక్కడూ నమ్మలేదు. ఎంత గట్టిగా చెబితే అంత గొప్పవాడైపోతున్నాడు. ఆగమ్మ అడగకుండానే ప్లేటులో వేడి మిర్చీలు పెట్టి ముందుకు తోసింది. సంగయ్య వాటిని ముట్టకుండా బయటికి నడిచాడు.

దుర్గాప్రసాద్ వెనకే వచ్చాడు. స్కూటర్ దగ్గర ఇద్దరూ నిలబడ్డారు.

"ఎందుకు గట్ల చెప్పినవ్ సేటుకు?" అన్నాడు సంగయ్య. "పీచు నాదని నీకు తెల్వదా?"

"తెలుసండి. అయినా అందులో అబద్ధమేముంది? బ్రీదర్ విప్పకుండా మూడుసార్లు ప్యాకింగులు మార్చింది నేనే కదా. ముందు చూడాల్సింది చివర చూశాను. ఆ మాట వివరంగా చెబితే సేటుకు అర్థం కాదు, పైపు వంకర అంటే అర్థమవుతుంది."

"నేను రింగులన్న."

దుర్గాప్రసాద్ తాళం చెవిని వేళ్ళ మధ్య తిప్పాడు. "మీరన్నారని ఇంజన్ దించేముందు ఒత్తిడి కొలిచే గేజి పెట్టి చూశానండి. నాలుగు సిలిండర్లూ సమానంగా ఉన్నాయి. రింగులు బాగానే ఉన్నాయి. అప్పుడే..." అని ఆగిపోయాడు. ఆ మాటను అక్కడే వదిలేశాడు.

సంగయ్య తల వంచుకున్నాడు. తప్పైంది ప్రసాదూ అనాలి. ఒక్క మాట. దాన్ని గొంతులోంచి పైకి లాక్కొస్తున్నాడు, పెదవుల దాకా వచ్చింది.

"ఒకటి మాత్రం నేను నిజంగా తప్పు చేశానండి" అన్నాడు దుర్గాప్రసాద్. "మీరు పెట్టిన సామాను మిమ్మల్ని అడక్కుండా తీసి పారేశాను. ఇంకో మిస్త్రీ పెట్టినదాన్ని అలా తీయకూడదు. ముందు ఫోన్ చేయాల్సింది. ఏమనుకోకండి సంగయ్యగారూ."

సంగయ్య నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

"ఏమనుకుంట? ఏం లేదు" అన్నాడు.

దుర్గాప్రసాద్ వస్తానని చెప్పి స్కూటర్ తిప్పుకున్నాడు. సంగయ్య రోడ్డు పక్కనే నిలబడి, లారీల మధ్య అది కనపడకుండా పోయేదాకా చూశాడు. తప్పైందని చెప్పుకోవడానికి ఆ ఒక్క మాటైనా తనకు మిగల్చకుండా పోయాడు ప్రసాద్.